అమ్మ మోకాలు వాచింది, నిన్నటి నుంచి పిక్క కూడా. నూనె పెట్టి రుద్దవచ్చా?

కాకినాడ_కాజా
అమ్మకు 59. ఒళ్ళు కాస్త ఎక్కువే. షుగర్ లేదు, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటుంది. రెండు వారాల క్రితం తిరుమల వెళ్ళాం. అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకుందట, మాకు అక్కడికి వెళ్ళాక చెప్పింది. 3,550 మెట్లమ్మా అన్నా వినలేదు. మోకాళ్ళ పర్వతం దగ్గర కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతుంటే చూసి తానూ ఓ పాతిక మెట్లు అలాగే ఎక్కింది. దర్శనం అయ్యాక బస్సులో కిందికి దిగి, రాత్రి బస్సు పట్టుకుని పన్నెండు గంటలు కూర్చుని ఇంటికి వచ్చాం.

మూడో రోజుకు ఎడమ మోకాలు వాచింది. చిప్పకు రెండు పక్కలా ఉండాల్సిన గుంటలు పూడిపోయి గుండ్రంగా అయింది. మా వీధి చివర వైద్యం చేసే ఆయన చూసి ‘గుజ్జు అరిగింది, నీరు పట్టింది’ అని ఒక ఇంజక్షన్ చేసి, పది రోజులకు నొప్పి మాత్రలు ఇచ్చారు. కొంచెం తగ్గింది. నిన్న పొద్దున పూజ అయ్యాక పీట మీద నుంచి లేస్తుంటే మోకాలి వెనక పుటుక్కుమన్నట్లు అనిపించిందట. సాయంత్రానికి పిక్క బిగిసి రాయిలా అయింది. చెయ్యి వేస్తే వేడి.

పక్కింటి పిన్నిగారు నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి పట్టుకొచ్చారు. నరం పట్టేసింది, గట్టిగా రుద్దితే వదులుతుంది అంటున్నారు. రుద్దించనా?

నల్లేరు_పచ్చడి
నిస్సంకోచంగా రుద్దించండి. నూనెలో కాస్త కర్పూరం వేయండి. తరువాత వావిలాకు వేసి మరిగించిన నీళ్ళతో కాపడం. మా తాతగారు ఎనభై ఏళ్ళ వయసులో పొలం గట్ల మీద నడిచారు, ఒక్క మాత్ర వేసుకున్నది లేదు. ఇప్పుడు మోకాలు అంటే చాలు స్కాను, స్కాను అంటే చాలు ఆపరేషను.

రాత్రి_డ్యూటీ
రుద్దవద్దు. దయచేసి పిన్నిగారి చేతిలో గిన్నె కింద పెట్టించండి.

ఎముకల వార్డులో ఇరవై రెండేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. ఒక్క కాలి పిక్కే ఉన్నట్లుండి వాచి, బిగిసి, వేడిగా ఉందంటే మొదట తోసిపుచ్చాల్సింది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం. పన్నెండు గంటల బస్సు ప్రయాణం, ఆ తరువాత నొప్పితో కదలకుండా కూర్చోవడం, ఒళ్ళు, వయసు అన్నీ అటే చూపిస్తున్నాయి. గడ్డ ఉన్న కాలిని రుద్దితే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది.

ఇంట్లో బట్టలు కుట్టే టేపు ఉందా? మోకాలి కింద ముందువైపు ఎముక మీద చిన్న బొడిపె తగులుతుంది. అక్కడి నుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి, ఆ చోట పిక్క చుట్టుకొలత తీయండి. రెండు కాళ్ళకూ తీసి చెప్పండి. ఆయాసం, ఛాతీలో పొడిచినట్లు నొప్పి, దగ్గులో రక్తం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా టేపు సంగతి వదిలేసి అంబులెన్సు పిలవండి.

కాకినాడ_కాజా
ఆయాసం లేదు. అమ్మ జాకెట్లు కుట్టే టేపుతోనే కొలిచాను. కుడి పిక్క 34, ఎడమ 38.

రాత్రి_డ్యూటీ
మూడు సెంటీమీటర్లు దాటితే వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. మీకు నాలుగు వచ్చింది. ఈ రోజే, రేపు కాదు, డాప్లర్ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పొట్టకు తీసే స్కానింగ్ లాంటిదే, కాలి మీద జెల్ పూసి సిరలో రక్తం పారుతోందా లేదా చూస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు.

అరటికాయ_బజ్జీ
పాదాన్ని పైకి వంచి చూడండి. పిక్కలో నొప్పి వస్తే గడ్డ, రాకపోతే కాదు. మా బావ చెప్పాడు, ఫార్మసీ చదివాడు.

రాత్రి_డ్యూటీ
మీ బావగారు చెప్పిన పరీక్ష పాత పుస్తకాల్లో ఉంది. నమ్మదగింది కాదని తేలి చాలా కాలమైంది. గడ్డ ఉన్నవాళ్ళలో నొప్పి రాకపోవచ్చు, లేనివాళ్ళలో రావచ్చు.

డల్లాస్_కోడలు
రాత్రి డ్యూటీ గారి మాట వినండి. మా అత్తగారు హైదరాబాదు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు దారి మొత్తం కిటికీ పక్క సీట్లో కదలకుండా కూర్చున్నారు. పక్కవాళ్ళను లేపడం ఎందుకని నీళ్ళు కూడా తాగలేదట, బాత్‌రూమ్‌కు వెళ్ళాల్సి వస్తుందని. దిగిన మర్నాడు పిక్క నొప్పి అన్నారు. మేమందరం ప్రయాణ బడలిక అనుకున్నాం. నేనే జండూబామ్ రాశాను, ఇప్పటికీ ఆ చేతిని చూస్తే భయం వేస్తుంది. నాలుగో రోజు మెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడిపోయారు. ఊపిరితిత్తుల్లో గడ్డ. బతికి బయటపడ్డారు. ఆరు నెలలు రక్తం పలుచన చేసే మాత్రలు వాడారు.

నల్లేరు_పచ్చడి
సరే, ప్రయాణం ఉంది కాబట్టి స్కాన్ చేయించండి, కాదనను. కానీ మోకాలి వాపు ముందు వచ్చింది కదా. గడ్డ పిక్కలో ఉంటే మోకాలు ఎందుకు వాచింది? అది అడగరేమి?

రాత్రి_డ్యూటీ
మంచి ప్రశ్న. నాకూ అదే అనుమానం ఉంది, ఆ ‘పుటుక్కు’ మీద. కానీ స్కాన్ కాకుండా చెప్పను.

దర్శి_బోరునీళ్ళు
కాజా గారు స్కాన్‌కు వెళ్ళివచ్చే లోపల మా ఊరి కాళ్ళ సంగతి చెబుతాను. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది మా వైపే. 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు అంటారు. మా పాత బోరులో దానికి ఎన్నో రెట్లు ఉండేది. మా మేనమామ నలభై అయిదేళ్ళకే కింద కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. చూసిన ప్రతివాళ్ళూ మోకాళ్ళ అరుగుదల అనేవారు. అది అరుగుదల కాదు, ఎముక మందమై, కండర బంధనాలు గట్టిపడి బిగుసుకుపోవడం. ఇంట్లో ఒక్కరికి కాకుండా వీధిలో సగం మందికి కీళ్ళు బిగిస్తే నీళ్ళు పరీక్ష చేయించండి.

పాత_సైకిల్
నల్లగొండ పేరు మీద ఒక పద్ధతే ఉంది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడం. పద్ధతికి ఊరి పేరు పెట్టారు, ఊరికి మాత్రం మంచి నీరు రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఇక కాజా గారి అమ్మగారి విషయం. మోకాళ్ళ పర్వతం అన్న పేరుకు ఒక కథ చెబుతారు. ఆ కొండ సాలగ్రామమయం అని, పాదం మోపకూడదని రామానుజులు మోకాళ్ళతో ఎక్కారని. భక్తి సరే, ఆయన ముందురోజు రాత్రి బస్సులో రాలేదు కదా అని మాత్రం మనవి.

తాపీ_మేస్త్రి
మోకాళ్ళ మీద ఎక్కారు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. వాపు చిప్ప మీదనా, చిప్ప చుట్టూనా? నేను టైల్స్ పరిచేవాణ్ణి. మాకు వచ్చే వాపు చిప్ప మీదనే, చర్మం కింద సగం నిమ్మకాయ పెట్టినట్లు. నొక్కితే మెత్తగా కదులుతుంది. కాలు మాత్రం బాగానే ముడుచుకుంటుంది. అది కీలులో నీరు కాదు, చిప్ప ముందుండే తిత్తిలో నీరు అని డాక్టరు చెప్పారు. స్పాంజి ముక్కలు మోకాళ్ళకు కట్టుకుని పని చేయమన్నారు. మొదట కుర్రవాళ్ళు నవ్వారు, ఇప్పుడు వాళ్ళే కట్టుకుంటున్నారు.

ఒకసారి గీసుకుపోయి అదే ఎర్రబడి, జ్వరం వచ్చింది. అప్పుడు మాత్రం ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చింది, చీము పట్టింది.

రాత్రి_డ్యూటీ
మేస్త్రి గారు చెప్పిన తేడా బంగారం. వాళ్ళ అమ్మగారికి గుంటలు పూడిపోయాయంటే వాపు చుట్టూ ఉన్నట్లు, అంటే నీరు కీలు లోపల ఉన్నట్లు. తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేస్తాం. కాలు చాపించి, చిప్పకు పైన తొడను అరచేత్తో కిందికి అదిమి పట్టి, రెండో చేతి వేలితో చిప్పను నొక్కుతాం. నీరు ఉంటే చిప్ప తేలుతూ ఉంటుంది, నొక్కగానే లోపలి ఎముకకు టక్కుమని తగిలి మళ్ళీ పైకి లేస్తుంది. నీళ్ళలో చెక్కపలకను నొక్కినట్లు.

మామూలు మోకాలిలో ఒక చెంచాడు నీరు కూడా ఉండదు.

పప్పు_మానేసినవాడు
నాకు కుడి మోకాలు రాత్రి రెండు గంటలకు వాచింది. పడుకునేటప్పుడు బాగుంది, లేచేసరికి దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. యూరిక్ ఆసిడ్ పరీక్ష చేస్తే మామూలుగా ఉంది. అయినా డాక్టరు సూదితో నీరు తీసి పరీక్షకు పంపారు. సూదుల్లాంటి యూరిక్ ఆసిడ్ స్ఫటికాలు కనిపించాయి. గౌట్. దాడి జరుగుతున్నప్పుడు రక్తంలో యూరిక్ ఆసిడ్ మామూలుగా కనిపించవచ్చట. ఆ సంగతి తెలియక అంతకుముందు ఇద్దరు ‘గౌట్ కాదు’ అని పంపేశారు.

అందరూ పప్పు మానేయమంటే ఏడాదిగా పప్పు, పాలకూర, టమాటా మానేశాను. పేరు కూడా అందుకే.

అరటికాయ_బజ్జీ
తెలుగువాడు పప్పు మానేస్తే రేషన్ కార్డు రద్దు చేయాలి.

వ్యాయామం_సార్
మీకు చెడ్డ వార్తో మంచి వార్తో తెలియదు. పప్పులోనూ ఆకుకూరల్లోనూ ఉండే, ఒంట్లో యూరిక్ ఆసిడ్‌గా మారే ప్యూరిన్‌ల వల్ల గౌట్ పెరిగినట్లు పరిశోధనల్లో తేలలేదు. లెక్కలోకి వచ్చేవి మాంసం, అందులోనూ కార్జం లాంటివి, కొన్ని రకాల చేపలూ రొయ్యలూ, బీరు, తీపి కూల్‌డ్రింకులు. మీరు ఆ ఏడాదిలో బీరు మానేశారా?

పప్పు_మానేసినవాడు
పేరు మార్చుకోవడం ఎలాగో ఎవరైనా చెప్పండి.

బోడిగుండు_62
నా కథ వినండి. 2021లో కరోనా వచ్చి ఆసుపత్రిలో పడ్డాను. స్టెరాయిడ్లు ఇచ్చారు, ప్రాణం దక్కింది, అందుకు దండం పెడతాను. ఏడాది తరువాత ఎడమ మోకాలు నొప్పి మొదలైంది. వాపు లేదు. ఎక్స్‌రేలో మోకాలు శుభ్రంగా ఉంది. ఎనిమిది నెలలు జెల్ రాశాను, పట్టీ వేశాను, మోకాలిలో ఇంజక్షన్ కూడా వేయించుకున్నాను. చివరికి ఒక కుర్ర డాక్టరు మోకాలిని ముట్టుకోనే లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, కాలు మడిచి, తుంటి దగ్గర లోపలికి తిప్పాడు. కేక పెట్టాను. ఎంఆర్ఐ తీస్తే తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతోంది. స్టెరాయిడ్ల వల్ల కొందరికి అలా అవుతుందట. తుంటి మార్చారు, మోకాలి నొప్పి పోయింది.

తుంటి మీద కొడితే మూతి పళ్ళు రాలాయని సామెత. నాకు పళ్ళు బాగానే ఉన్నాయి, మోకాలికి తగిలింది అంతే.

పాత_సైకిల్
మీది తుంటి, నాది నడుము. సంత వరకు నడవలేను, రెండు వందల గజాలకే రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి బరువెక్కి ఎక్కడో అరుగు మీద కూలబడాలి. అదే సైకిలు మీద అయిదు కిలోమీటర్లు తొక్కుతాను, నొప్పి లేదు. ఇంట్లోవాళ్ళు నటన అనుకున్నారు, మా ఆవిడతో సహా. వెన్నెముకలో నరాలు వెళ్ళే దారి ఇరుకైతే ఇలాగే ఉంటుందట. ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, నిటారుగా నడిస్తే మూసుకుంటుంది. సైకిలు మీద వంగి కూర్చుంటాను కాబట్టి హాయి. నా పేరుకు అర్థం ఇప్పటికి తెలిసి ఉంటుంది.

రాత్రి_డ్యూటీ
దీనికి కవలలాంటిది ఇంకొకటి ఉంది. నడిస్తే పిక్క పట్టేస్తుంది, వంగకపోయినా ఊరికే నిలబడితే రెండు నిమిషాల్లో పోతుంది, మళ్ళీ అంతే దూరానికి వస్తుంది. ఎక్కువగా పొగ తాగేవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో చూస్తాం. అది కాలికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోతున్న గుర్తు. పాదం మీద నాడి చూడాలి. వాళ్ళకు జెల్ రాసి పంపేస్తే తరువాత వేలు నల్లబడి వస్తారు.

నల్లేరు_పచ్చడి
కాజా గారు ఎక్కడ? ఎనిమిది గంటలైంది.

కాకినాడ_కాజా
ఇప్పుడే ఇంటికి వచ్చాం. గడ్డ లేదు! తొడ నుంచి పిక్క వరకు సిరలన్నీ తెరిచే ఉన్నాయట. మోకాలి వెనక బేకర్ తిత్తి ఒకటి ఉండి పగిలిందని, ఆ నీరు పిక్క కండరాల మధ్యకు జారిందని రాశారు. ఇంకో వింత, చీలమండ ఎముక కింద లోపలివైపు నెలవంకలా నల్లటి కమిలిన మచ్చ ఉంది. మేం చూసుకోనే లేదు. డాక్టరు గారు పాదం తిప్పి చూసి ‘ఇదిగో’ అన్నారు. తిత్తి పగిలితే ఒక్కోసారి ఇలా కనిపిస్తుందట.

గడ్డ అనుకుని స్కాన్ లేకుండా రక్తం పలుచన చేసే మందు మొదలుపెట్టి ఉంటే పిక్క లోపల రక్తం చేరి ఇంకో తంటా అయ్యేదని కూడా చెప్పారు. రాత్రి డ్యూటీ గారూ, మీ అనుమానం ఇదేనా?

రాత్రి_డ్యూటీ
ఇదే. కానీ తిత్తి, గడ్డ రెండూ ఒకేసారి ఉన్నవాళ్ళను కూడా చూశాను. అందుకే పుటుక్కుమన్న కథ విని ఊరుకోలేదు.

నల్లేరు గారి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కీలు లోపల ఏదో చికాకు వల్ల నీరు ఊరింది. మోకాలి వెనక ఉండే తిత్తిలోకి ఆ నీరు పోతుంది, వెనక్కి రాదు, సైకిలు ట్యూబు వాల్వులాగ. పీట మీద పూర్తిగా ముడిచిన కాలితో లేచేసరికి ఒత్తిడికి పగిలింది.

అరటికాయ_బజ్జీ
బేకరీలో పనిచేసేవాళ్ళకు వస్తుందా?

పాత_సైకిల్
విలియం మోరంట్ బేకర్ అనే లండన్ శస్త్రవైద్యుడు 1877లో దీన్ని వివరించాడు, ఆయన పేరే నిలిచింది. డబ్లిన్‌లో రాబర్ట్ ఆడమ్స్ 1840లోనే చెప్పాడు, ఆయనను ఎవరూ తలచుకోరు. పేరు రావాలంటే బజ్జీ గారూ, రెండోవాడుగా పుట్టాలి.

కాకినాడ_కాజా
మర్నాటి కబురు. ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. మోకాలిలో సూది పెట్టి నీరు తీశారు, 45 మి.లీ. నేను పక్కనే ఉన్నాను. లేత పసుపు రంగులో ఉంది, సిరంజి కొన నుంచి తీగలా సాగింది. గుడ్డు తెల్లసొన గుర్తొచ్చింది. వెలుతురుకు ఎత్తి పట్టి, సిరంజి వెనక గోడ మీది క్యాలెండరులో అంకెలు చదువుకోగలిగితే మంచి నీరే అన్నారు. కనిపించాయి. స్ఫటికాలు లేవు, క్రిములు లేవు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో లోపలివైపు సందు తగ్గింది. అరుగుదలే, మధ్యరకం. ఇన్నాళ్ళూ పడుకోబెట్టి తీశారు, అందుకే తెలియలేదట.

బీపీ 160 ఉంది. ఆ పది రోజుల నొప్పి మాత్రల పట్టీ చూసి మానిపించారు, మూత్రపిండాల పరీక్ష కూడా చేయించారు. బాగానే ఉంది.

ఇప్పుడు ఇంట్లో గొడవ. ఒకరు మోకాలు మార్పిడి చేయించేయండి అంటారు, ఒకరు గుజ్జు ఇంజక్షన్ అంటారు, ఒకరు కెమెరా పెట్టి కడిగిస్తే పోతుంది అంటారు.

వ్యాయామం_సార్
కడిగించడం సంగతి మాత్రం తేలిపోయింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిని తీసుకుని, కొందరికి నిజంగా కడిగి, కొందరికి చర్మం మీద ఉత్తుత్తి కోతలు పెట్టి కుట్లు వేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. 2002లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళు చూసినా ఇద్దరికీ తేడా లేదు. చిరిగిన మృదులాస్థి ముక్క అడ్డుపడి మోకాలు తాళం పడినట్లు ఇరుక్కుపోయేవాళ్ళ సంగతి వేరు.

మార్పిడి మంచి ఆపరేషనే, కానీ ఆమెకు ఇప్పుడే ఎందుకు? రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, ఇంట్లో తిరగలేని స్థితి వచ్చాక ఆలోచిస్తారు. ముందు తొడ కండరం. మోకాలిలో నీరు చేరితే ఆ కండరం మొద్దుబారి రోజుల్లో చిక్కిపోతుంది. రెండు తొడలూ పక్కపక్కన చూడండి, తేడా కళ్ళకే తెలుస్తుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం. తరువాత మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తడం. పిక్క నొప్పి తగ్గాక మొదలుపెట్టండి, పదితో. బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. పీట, నేల మీద కూర్చోవడం మానాలి. పూజ కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు.

కాకినాడ_కాజా
కుర్చీలో కూర్చుని పూజ ఏమిటి, దేవుడికి ఎదురుగా కాలు మీద కాలు వేసుకున్నట్లు అంటోంది.

తాపీ_మేస్త్రి
పూజ గూడు ఎత్తు పెంచితే సరి. మూడు అడుగులు గట్టు కట్టి గ్రానైట్ వేస్తే ఒక రోజు పని. మా అమ్మకు అలాగే చేశాను.

నల్లేరు_పచ్చడి
నేను కాపడం అన్నది పూర్తిగా తప్పు కాదు కదా? ఏదో నేరం చేసినట్లు చూస్తున్నారు.

రాత్రి_డ్యూటీ
తప్పు కాదు. పొద్దున లేవగానే పట్టేసినట్లుండే పాత మోకాలికి వేడి కాపడం హాయినిస్తుంది, నేనూ పెట్టుకుంటాను. అప్పుడే వాచి వేడిగా ఉన్నదానికి వద్దు, దానికి గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు. జిల్లేడు ఆకు మాత్రం కట్టవద్దు. పాలు తగిలి బొబ్బలెక్కిన మోకాళ్ళు ప్రతి వేసవిలో చూస్తాను.

పొద్దున పట్టేయడం అన్నాను కాబట్టి ఇంకొకటి. అరుగుదల అయితే అరగంటలోపు వదులుతుంది. గంట దాటినా వదలకపోతే, చేతివేళ్ళ కణుపులు కూడా వాస్తే, అది కీళ్ళవాతం కావచ్చు. దాని మందులు వేరు, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

దర్శి_బోరునీళ్ళు
2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మా ఇంట్లో అందరికీ అలాగే ఉండేది. జ్వరం వారంలో పోయింది, చీలమండలు, మణికట్లు ఆరు నెలలు పట్టేసే ఉన్నాయి. పేరు విని కోడి వల్ల వచ్చిందని మా ఊళ్ళో చాలామంది చికెన్ మానేశారు.

పాత_సైకిల్
కోడికి సంబంధం లేదు. 1952లో టాంగన్యీకాలో, నేటి టాంజానియాలో, దాన్ని గుర్తించారు. అక్కడి మాకొండే భాషలో ఆ మాటకు వంగిపోవడం అని అర్థం. దోమది తప్పు, శిక్ష కోడికి తప్పింది కాబట్టి కోళ్ళకు లాభమే.

డల్లాస్_కోడలు
నొప్పి మాత్రల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా చిన్నత్తగారు మోకాళ్ళకు ఏదో ఊరి నుంచి పొడి తెప్పించుకునేవారు. చిన్న పొట్లాలు, తేనెలో కలిపి రోజుకు రెండు. పేరు లేదు, చీటీ లేదు. మూడు రోజుల్లో మోకాళ్ళు మాయ చేసినట్లు బాగయ్యాయి. ఊరంతా తెప్పించుకున్నారు. అయిదు నెలలకు మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రమైంది, మెడ వెనక మూపురంలా కండ, చెయ్యి తగిలితే చర్మం కమిలేది. షుగర్ 340. పొడిలో స్టెరాయిడ్ కలిపారని డాక్టరు అన్నారు.

అరటికాయ_బజ్జీ
వాపును చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే.

నల్లేరు_పచ్చడి
ఒక మాట అడుగుతాను, ఎవరూ వేళాకోళం చేయకండి. మా నాన్నగారు ఏడు నెలలుగా అలాంటి పొడే వాడుతున్నారు. మోకాళ్ళు బాగున్నాయి. మొహం నిండుగా అయింది. వయసులో ఉన్నప్పటిలా తయారయ్యారని మేమందరం సంతోషించాం. నిన్న మొన్న అందరికీ చెప్పుకున్నాను కూడా. ఈ రాత్రి నుంచే ఆపించేయనా?

రాత్రి_డ్యూటీ
వేళాకోళం ఎవరూ చేయరు. ఆపించకండి, ఉన్నట్లుండి అసలు ఆపకండి. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే శరీరం తనంతట తాను తయారుచేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రేపు పొద్దున పొట్లాలు చేతిలో పట్టుకుని జనరల్ ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి. షుగర్, బీపీ చూసి, కొలత ప్రకారం మెల్లగా తగ్గిస్తారు. ఈలోపు జ్వరం, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

నల్లేరు_పచ్చడి
రేపు పొద్దునే వెళతాం. నా నల్లేరు పచ్చడిలో మాత్రం ఏమీ కలపలేదు, అది మా పెరటిదే.

బోడిగుండు_62
స్టెరాయిడ్ అంటున్నారు, నాన్నగారి తుంటి కూడా ఒకసారి చూపించండి. నా అనుభవంతో చెబుతున్నాను.

అరటికాయ_బజ్జీ
నల్లేరు గారూ, పచ్చడి ఎలా చేస్తారు? నాలుక దురద పెడుతుంది కదా.

నల్లేరు_పచ్చడి
లేత కణుపులు తీసుకుని, చేతికి నూనె రాసుకుని నారలు తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు కాస్త ఎక్కువ వేయాలి. నాన్నగారికి షుగర్ 280 వచ్చింది. మాత్రలు రాసిచ్చారు, నాలుగు నెలల్లో తగ్గించుకుంటూ రావాలట. తిడతారనుకున్నాను, తిట్టలేదు. పొట్లాలు పరీక్షకు ఉంచుకున్నారు.

కాకినాడ_కాజా
మూడు వారాలైంది, చెప్పి వెళదామని వచ్చాను. మోకాలిలో మళ్ళీ కొంచెం నీరు చేరింది కానీ గుంటలు కనిపిస్తున్నాయి. తువ్వాలు వ్యాయామం రోజుకు మూడు పూటలు చేస్తోంది, విష్ణు సహస్రనామం చదువుతూ అంకెలు లెక్కపెట్టడం మరిచిపోతుంది, అందుకని పదికి బదులు ఇరవై అవుతున్నాయి. బరువు కిలోన్నర తగ్గింది. పూజ గూడు మేస్త్రి గారు చెప్పినట్లు ఎత్తు చేయించాం. గట్టు కింద ఖాళీలో కొబ్బరికాయలు పెట్టుకోవచ్చని ఒప్పుకుంది.

మళ్ళీ మెట్లెక్కవచ్చా అని డాక్టరు గారిని అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

ఈ పొద్దుటి టేపు: కుడి 34, ఎడమ 34న్నర. పక్కింటి పిన్నిగారు ఆ నువ్వుల నూనె వృథా చేయడమెందుకని, కొత్తది ఇంకో రెండు లీటర్లు కలిపి ఆవకాయ పెట్టేశారు. జాడీ ఒకటి మాకూ వచ్చింది.

అరటికాయ_బజ్జీ
కొలతలు పంపండి. పిక్కవి కాదు, ఆవకాయవి.